నాలుగు నెలల కోసం వరంగల్‌లో ఇల్లు: ఫర్నిష్డ్ ఫ్లాటా, కిరాయి పోర్షనా?

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో కొన్నాళ్లు ఉండాల్సిన పని చాలామందికి పడుతుంది. ఎంజీఎం ఆసుపత్రిలో పేషెంటు వెంట వచ్చిన కుటుంబం, కాజీపేట రైల్వే ఫ్యాక్టరీకో గీసుగొండ వైపు టెక్స్‌టైల్ పార్కుకో కాంట్రాక్టు మీద వచ్చిన ఇంజనీరు, అమెరికా నుంచి పిల్లలతో సెలవులకు వచ్చిన కొడుకూ కోడలూ. అందరూ ముందుగా ఫర్నిష్డ్ ఫ్లాట్ నెల రేటును, మామూలు ఇంటి నెల కిరాయినీ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఆ పోలిక దేనికీ పనికిరాదు. దిగిన రోజు నుంచి అడ్వాన్స్ తిరిగి చేతిలో పడేదాకా మొత్తం ఎంత పోతుందో చూడాలి.

కింది అంకెలు ఉదాహరణకు వేసినవే, వాటి చోట మీవి పెట్టుకోండి. డబుల్ బెడ్రూం కిరాయి 11,000, మెయింటెనెన్స్ 1,500, కరెంటు 900, నెట్ 600. నెలకు 14,000. అదే ఫర్నిష్డ్ ఫ్లాట్ అన్నీ కలిపి 26,000. తేడా నెలకు 12,000. కిరాయి ఇల్లే చవక అనిపిస్తుంది కదా. ఇప్పుడు ఒక్కసారి పోయే డబ్బు రాయండి. బ్రోకర్‌కు సగం నెల 5,500, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరిట కోసుకునే ఒక నెల 11,000, మంచం, పరుపు, ఫ్రిజ్, కూలర్, స్టవ్ సెకండ్‌హ్యాండ్‌లో కొని అమ్మితే పోయేది 15,000, ట్రాలీ ఆటో, హమాలీ రానూపోనూ 5,000, అగ్రిమెంట్‌కు 500. మొత్తం 37,000. దీన్ని 12,000తో భాగిస్తే మూడు నెలల పైన. అంటే మూడు నెలలు ఉండి వెళ్లేవాడికి కిరాయి ఇంట్లో మిగిలేదేమీ లేదు, సామాను మోసిన ఒళ్లు నొప్పులు తప్ప. నోటీసు ఇవ్వకుండా లేచిపోవాల్సి వచ్చి ఇంకో నెల కిరాయి, మెయింటెనెన్స్ పోతే, లెక్క నాలుగు నెలలు దాటుతుంది. బ్రోకర్ లేకుండా టూలెట్ బోర్డు చూసి దొరికించుకుని, పెయింటింగ్ కోత లేకుండా మాట్లాడుకుంటే రెండు నెలల లోపే కిరాయి ఇల్లు గిట్టుబాటు. కాబట్టి బేరం ఆడాల్సింది కిరాయి మీద 500 తగ్గించమని కాదు, పెయింటింగ్ మీద, నోటీసు మీద.

ఎన్ని నెలలో తేలనివాళ్లు ముందు ఫర్నిష్డ్‌లో పదిహేను రోజులకు దిగి, ఆ రోజుల్లో సుబేదారి, నక్కలగుట్ట, బాలసముద్రం, వడ్డేపల్లి గల్లీల్లో సాయంత్రం పూట నడుస్తూ బోర్డులు చూసుకోవడం మేలు. మంచి పోర్షన్లు చాలావరకు ఆన్‌లైన్‌కు ఎక్కకముందే గేటు మీది బోర్డుతోనే పోతాయి. ఆన్‌లైన్‌లో ఫొటోలు బాగుండి, ఓనరు తాను ఆర్మీలో ఉన్నానని చెప్పి, ఇల్లు చూపించకుండా టోకెన్ అడ్వాన్స్‌కు క్యూఆర్ కోడ్ పంపితే అక్కడే ఆగిపోండి. ఒంటరిగా వచ్చినవారికి ఇవేవీ అక్కర్లేదు, భోజనంతో హాస్టల్ చూసుకుంటే చాలు.

కరెంటు మీటరు దగ్గర తగిలే దెబ్బ

ఇండిపెండెంట్ ఇంట్లో పై పోర్షన్ తీసుకుంటే మొదటి ప్రశ్న: మీటరు వేరా, ఓనరుతో కలిపా? మన దగ్గర ఇంటి కరెంటుకు నెలలో 100 దాటి 200 యూనిట్ల లోపైతే మొదటి వందకు యూనిట్ 3.40, తర్వాతి వందకు 4.80 రూపాయలు. 200 దాటిందంటే మొదటి యూనిట్ నుంచే 5.10 లెక్కన పడుతుంది, 201 నుంచి 300 దాకా 7.70. చెరో 150 యూనిట్లు కాల్చే రెండు కుటుంబాలకు వేర్వేరు మీటర్లుంటే ఒక్కొక్కరికి 580. ఒకే మీటరైతే 300 యూనిట్లకు 1,790, సగం పంచుకున్నా 895. ఫిక్స్‌డ్ చార్జీలు వేరే. సబ్ మీటరు పెట్టించినా యూనిట్లు సరిగ్గా తెలుస్తాయంతే, రేటు తగ్గదు. 'యూనిట్‌కు పది రూపాయలు' అని గుత్తగా చెప్పే ఓనరుతో ఈ లెక్క కాగితం మీద వేసి మాట్లాడండి.

తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా, కిరాయికి ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది. ఆ మీటరు మీద ఓనరు తన కార్డు ముందే పెట్టుకున్నాడేమో అడగాలి. సున్నా బిల్లు తీసుకుంటూ మీ దగ్గర కరెంటు డబ్బులు వసూలు చేసేవాళ్లూ లేకపోలేదు.

ఫర్నిష్డ్‌లో 'అన్నీ కలిపి' అన్న మాటకు చివర ఒక తోక ఉంటుంది. కరెంటు ఇన్ని యూనిట్ల దాకానే అంటారు. ఒకటిన్నర టన్నుల ఏసీ రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే నెలకు 300 యూనిట్ల దాకా దానికే పోవచ్చు. మే నెలలో ఏసీ లేకుండా ఇక్కడ పడుకోవడం కష్టం, టాప్ ఫ్లోర్‌లోనైతే రాత్రి పదకొండుకు కూడా స్లాబ్ సెగ కొడుతూనే ఉంటుంది. పరిమితి ఎంతో, ఆపైన యూనిట్ ఎంతో వాట్సాప్‌లో రాయించుకోండి.

చూసేటప్పుడు

ఇల్లు పగలు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి చూడండి. హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్, నయీంనగర్ నాలా పక్క కాలనీల్లోకి 2023 జులై వానలకు నీళ్లొచ్చాయి. ఇలాంటి చోట గ్రౌండ్ ఫ్లోర్ చూస్తుంటే గోడ అడుగున రెండు మూడు అడుగుల ఎత్తు దాకా మాత్రమే కొత్త రంగు ఉందా, తలుపు చెక్క కింద ఉబ్బిందా చూడండి. ఓనరును అడిగే బదులు ఎదురింటాయనను అడగండి. జూన్ నుంచి అక్టోబర్ దాకా ఉండేవాళ్లయితే ఫస్ట్ ఫ్లోర్‌కు తక్కువ వద్దు.

నల్లా ఏ రోజు, ఎంతసేపు వస్తుందో, బోరు ఎండాకాలం పోస్తుందో లేదో, మోటారు స్విచ్ ఎవరి చేతిలో ఉంటుందో కనుక్కోండి. బోరు నీళ్లు ఎలాంటివో బాత్‌రూం కుళాయిల మీది తెల్ల పొర చెప్పేస్తుంది. ఆ నీళ్లు పోస్తే కూలర్ గడ్డి ఒక్క సీజన్‌కే గట్టిపడుతుంది. ఇక కోతులు. బాల్కనీకి, వంటింటి కిటికీకి గ్రిల్ గానీ జాలీ గానీ లేకపోతే, ట్యాంకు మూత కట్టేసి లేకపోతే, ఆ ఇల్లు మీకంటే వాటికే ఎక్కువ పనికొస్తుంది.

ఫర్నిష్డ్‌లో వంటిల్లు చూడండి. చాలా చోట్ల ఇండక్షన్ స్టవ్, రెండు గిన్నెలు పెట్టి 'కిచెన్ ఉంది' అంటారు, రోజూ అన్నం కూర వండేవారికి అవి చాలవు. కిరాయి ఇంట్లో కొత్త గ్యాస్ కనెక్షన్ కోసం తిరగకుండా, గుర్తింపు కార్డు చూపిస్తే అడ్రస్ ప్రూఫ్ లేకుండా దొరికే 5 కిలోల చిన్న సిలిండర్‌తో నెట్టుకురావచ్చు.

కాగితం, కాలం

కిరాయి అగ్రిమెంట్ 11 నెలలకు రాయడం మామూలే. ఉండేది నాలుగు నెలలే అయినా 11 నెలలకు రాసుకోండి, కానీ అందులో ఈ మాటలు తప్పక ఉండాలి: లాక్ ఇన్ (ఇన్ని నెలలు తప్పక ఉండాలన్న షరతు) లేదు, ఒక నెల నోటీసు చాలు, పెయింటింగ్‌కు ఎంత లేదా ఏమీ లేదు, ఖాళీ చేసిన ఎన్ని రోజుల్లో అడ్వాన్స్ తిరిగి ఇస్తారు, మోటారు చెడితే ఖర్చు ఎవరిది. నోటితో ఒప్పుకున్నవి ఓనరు గుర్తుంచుకున్నా, హైదరాబాద్‌లో ఉండే ఆయన కొడుకు గుర్తుంచుకోడు.

ఎయిర్‌బీఎన్‌బీలో 28 రాత్రులు, అంతకు మించిన బుకింగ్‌కు రద్దు నియమాలు వేరు. మధ్యలో లేచిపోతే ఆ తర్వాతి నెల డబ్బు కూడా రాకపోవచ్చు, బుక్ చేసేముందే చదవాలి. సర్వీస్ అపార్ట్‌మెంట్ బిల్లు మీద రోజుకు 7,500 లోపు గదికి 5 శాతం జీఎస్టీ ఉంటుంది, నివాసానికి తీసుకున్న మామూలు ఇంటికి అది లేదు. కంపెనీ ఖర్చు భరిస్తుంటే మాత్రం ఆ జీఎస్టీ బిల్లే మీకు అవసరం, ఇంటి ఓనరు అలాంటి బిల్లు ఇవ్వడు. విదేశీ పాస్‌పోర్టుతో వచ్చినవారి వివరాలు 24 గంటల్లో ఫారం నింపి అధికారులకు ఇవ్వాల్సింది ఇల్లు ఇచ్చినవారే. లాడ్జీలకు అలవాటే గానీ మామూలు ఓనర్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఆషాఢంలో, పుష్యంలో ఇల్లు మారేవాళ్లు తక్కువ. బోర్డులు ఎక్కువ రోజులు వేలాడుతాయి, బేరం కుదురుతుంది. అయితే శ్రావణం వచ్చేదాకా పాలు పొంగించనివ్వనని పట్టుబట్టే ఓనర్లూ ఉంటారు. జూన్‌లో కాలేజీలు తెరిచే ముందు నయీంనగర్, కిషన్‌పుర వైపు గదులు దొరకవు. రెండేళ్లకోసారి మాఘంలో మేడారం జాతర జరిగే రోజుల్లో లాడ్జీలు, హోమ్‌స్టేలు నిండిపోతాయి. మీ నెలవారీ బుకింగ్ ఆ తేదీల మీదుగా పోతుంటే, మధ్యలో ఖాళీ చేయమనకుండా, రేటు పెంచకుండా ముందే రాయించుకోండి.

దిగిన రోజు మీటరు రీడింగ్, గోడలు, బాత్‌రూం ఫిట్టింగులు వీడియో తీసి ఓనరుకే పంపండి. కరెంటు పాత బాకీ ఉందేమో సర్వీసు నంబరుతో చూసుకోండి. ఖాళీ చేసే రోజు తాళాలు ఇచ్చేముందు ఓనరు ఎదుటే రీడింగ్ రాసి, ఆఖరి నెల బిల్లు ఇంకా రాకపోతే పై రేట్లతో లెక్కగట్టి ఆ మొత్తాన్ని మాత్రమే అడ్వాన్స్‌లో తగ్గించుకోమనండి. 'బిల్లు వచ్చాక మొత్తం చూద్దాం' అని అడ్వాన్స్ అంతా ఆపేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి.