రైలు పట్టా ముక్కతో దాగలి

ఇంటి వెనక చిన్న కొలిమి పెట్టుకుని కొడవళ్లు, ఉలులు చేసుకునేవాళ్లకి రైలు పట్టా ముక్కను మించిన దాగలి (కాల్చిన ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ) లేదంటాను. కొత్తది మంచిదైతే ధర భరించలేం. చవగ్గా దొరికే పోత ఇనుము దాగలి అంచులు సమ్మెట దెబ్బకి రాలిపోతాయి.

ముక్క ఎక్కడ తేవాలో ముందు చెబుతాను. రైళ్లు ఆగిపోయి పిచ్చిమొక్కలు మొలిచిన లైనైనా సరే, అక్కడి పట్టా, క్లిప్పు, బోల్టు అన్నీ రైల్వేవే. వాటిని ముట్టుకోకండి. ఎక్కడిదో లెక్క చెప్పలేని రైల్వే సొత్తు మన దగ్గర దొరికితే చాలు, రైల్వే ఆస్తిని అక్రమంగా ఉంచుకోవడం మీద వచ్చిన 1966 చట్టం కింద మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. రైల్వే తన తుక్కును ఈ-వేలంలో లాట్ల లెక్కన అమ్ముతుంది. అలా కొన్న పాత ఇనుము వ్యాపారి దగ్గర తీసుకుని బిల్లు రాయించుకోండి. పాత మేడలు పడగొట్టినప్పుడు దూలాలుగా వేసిన పట్టాలు కూడా దొరుకుతుంటాయి. వాటికీ బిల్లు ఉండాల్సిందే.

పట్టా నడుము (పై తలకీ అడుగు రెక్కకీ మధ్య ఉండే పలచని భాగం) మీద ఉబ్బెత్తు అక్షరాలుంటాయి. 52 అని ఉంటే మీటరుకు 52 కిలోలు, 60 అంటే 60 కిలోలు. 90 ఆర్ అంటే గజానికి 90 పౌండ్లు, అంటే మీటరుకు సుమారు 45 కిలోలు. ఏదైనా పనికొస్తుంది. బోల్టు రంధ్రాలున్న కొసను మాత్రం వదిలేయండి, పగుళ్లు మొదలయ్యేది అక్కడే. అరమీటరు ముక్క చాలు. గ్యాస్ కటింగ్ వేడికి కోసిన చోట ఉక్కు గుణం మారుతుంది కాబట్టి గ్రైండర్ కటింగ్ వీల్‌తోనే కోయించండి. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి.

అసలు కిటుకు ఇప్పుడు చెప్పేది. చాలామంది పట్టాను పడుకోబెట్టి వాడతారు. అప్పుడు దెబ్బ కింద ఉండేది ఒకటిన్నర సెంటీమీటర్ల పలచని నడుము. అది స్ప్రింగులా ఊగి దెబ్బ బలాన్ని మింగేస్తుంది, చెవులు గింగురుమంటాయి. కోసిన కొస పైకి వచ్చేలా నిలబెట్టండి. అరమీటరు ఉక్కంతా సుత్తి కిందికి వస్తుంది. పైన దొరికే చోటు సుమారు ఏడు సెంటీమీటర్ల వెడల్పే, నిజమే. కానీ సుత్తి మొహం అంతకన్నా చిన్నదే కదా! ఒక్కో దెబ్బకి అంత జాగా చాలు.

పై కొసను గ్రైండర్‌తో చదును చేసి, స్కేలు నిలబెట్టి వెలుతురు దూరుతోందేమో చూసుకోండి. అంచులన్నీ కాస్త గుండ్రంగా రుద్దాలి. పదునుగా వదిలితే పెచ్చు లేచి కంట్లో పడుతుంది. పట్టా అడుగు రెక్క ఒక పక్కను బాగా గుండ్రం చేస్తే ఇనుము సాగదీయడానికి, రెండో పక్కను ఉలి అంచులా చేస్తే కాలిన ఇనుము తెంపడానికి పనికొస్తాయి. ఇంట్లో దీన్ని కాల్చి నీళ్లలో ముంచే ప్రయత్నం వద్దు. పట్టా ఉక్కు ఉన్నదున్నట్టే చాలినంత గట్టిది.

చింత మొద్దులో జానెడు లోతు గుంట తొలిచి, ముక్క దించి, చుట్టూ చెక్క చీలలు బిగించండి. నిటారుగా నిలబడి పిడికిలి కిందికి వదిలితే వేళ్ల కణుపులు దాగలిని తాకాలి. అదే సరైన ఎత్తు.

అదే దుకాణంలో పట్టాను పట్టి ఉంచే మెలిక క్లిప్పులు దొరికితే తెచ్చుకోండి. అవి సిలికాన్, మాంగనీస్ కలిసిన స్ప్రింగు ఉక్కు, ఉలులకి, రంధ్రాలు పొడిచే పంచ్‌లకి బంగారం. ఎర్రగా కాల్చి సాగదీసి, గట్టిపడడానికి మళ్లీ కాల్చి నూనెలో ముంచండి, నీళ్లలో అయితే పగలొచ్చు. తర్వాత అంచును తోమి, వెనక నుంచి మెల్లగా వేడి చేసి, ఊదా రంగు రాగానే ఆపేయండి. పట్టాను చెక్క స్లీపర్లకి బిగించే మేకులైన డాగ్ స్పైకుల్లో కార్బన్ తక్కువ కాబట్టి వాటికి పదును నిలవదు. కొక్కేలకి వాడుకోండి.