ఇంక్‌జెట్ ముద్రణకు గ్రాఫీన్ సిరా తయారీ

గ్రాఫీన్ అంటే గ్రాఫైట్ నుంచి విడదీసే అతి పలుచని కార్బన్ రేకులు. గ్రాఫైట్ పొడిని ఇథైల్ సెల్యులోజ్ (రేకులు ఒకదానికొకటి అంటుకోకుండా ఉంచే పాలిమర్) కరిగించిన ఇథనాల్‌లో అతివేగంగా చిలికి, విడిపోని ముక్కలను సెంట్రిఫ్యూజ్‌తో అడుక్కు దింపి, పైతేటను తీసుకోండి. అందులో ఉప్పునీరు కలిపితే దిగే ముద్దను ఉప్పు పోయేదాకా కడిగి ఆరబెట్టండి. ఆ పొడిని 85 పాళ్ల సైక్లోహెక్సనోన్, 15 పాళ్ల టెర్పినియోల్ మిశ్రమంలో అల్ట్రాసౌండ్‌తో కలియబెట్టి, చిక్కదనం 10-12 మిల్లీపాస్కల్ సెకన్లకు వచ్చేలా చూసుకోండి.

ముద్రించే ముందు ఈ సిరాను వడపోయడమే అన్నిటికంటే కీలకమని నా అభిప్రాయం. గ్రాఫీన్ రేకుల పరిమాణం నాజిల్ (ప్రింటర్‌లో సిరాను చిమ్మే మూతి) రంధ్రంలో యాభయ్యో వంతును, అంటే 20 మైక్రాన్ల రంధ్రానికి 0.4 మైక్రాన్లను, మించితే అది పూడుకుపోయే ప్రమాదం ఉంది.

ముద్రించిన గీతలో రేకుల నడుమ ఇథైల్ సెల్యులోజ్ కరెంటుకు అడ్డుగా ఉంటుంది కనుక, 250 డిగ్రీల సెల్సియస్ వద్ద అరగంట వేడిచేసి దాన్ని విచ్ఛిన్నం చేయాలి. ముద్రణకు వాడే ప్లాస్టిక్‌లలో ఈ వేడిని పాలిఇమైడ్ పొర తట్టుకుంటుంది. పెట్ (PET, నీళ్ల సీసాల ప్లాస్టిక్) షీటు తట్టుకోదు.