డిఫెన్స్‌తో పేరు తెచ్చుకున్న కాలేజీ కుర్రాడు ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్)లో నిలుస్తాడా? అంచనా వేయడం ఎలా?

మార్చిలో అమెరికా కాలేజీ టోర్నమెంట్ చూసేవాళ్లకి ఏటా ఇలాంటివాడు ఒకడు కంటబడతాడు. పాయింట్లు పెద్దగా వేయడు గానీ అవతలి జట్టు స్టార్‌కి ఊపిరాడనివ్వడు. "వీడికి ఎన్‌బీఏ ఖాయం" అనేసే ముందు ఇవి చూడండి.

1. జట్టు ఏ డిఫెన్స్ ఆడుతోందో కనుక్కోండి. మటీస్ థైబుల్ వాషింగ్టన్ యూనివర్సిటీలో ఆఖరి ఏడాది మ్యాచ్‌కి సగటున 3.5 స్టీల్స్ (అవతలివాళ్ల నుంచి బంతి లాక్కోవడం) చేశాడు. ఆ జట్టు ఆడింది 2-3 జోన్, అంటే ముందు ఇద్దరు, వెనక ముగ్గురు నిలబడి ఒక్కొక్కరు ఒక్కో చోటు కాయడం. జోన్‌లో పాస్ ఎటు వస్తుందో కనిపెట్టి మాటు వేయొచ్చు. ఎన్‌బీఏలో ఎక్కువసేపు ఒకే మనిషిని అంటిపెట్టుకుని స్క్రీన్లు (దారికి అడ్డంగా నిలబడే అవతలి ఆటగాళ్లు) దాటుకుంటూ పరిగెత్తాలి. థైబుల్ ఆ పనీ నేర్చుకున్నాడు, కానీ అందరి వల్లా కాదు.

2. ఓ ఐదు నిమిషాలు బంతిని మర్చిపోయి అతని కాళ్లే చూడండి. స్క్రీన్ తగిలాక తన మనిషి ముందుకి మళ్లీ వస్తున్నాడా, వెనకనుంచి చెయ్యి చాపుతున్నాడా? చెయ్యి చాపేవాడికి పైలెవెల్లో ఫౌల్సే మిగులుతాయి.

3. ఎత్తు, చేతుల పొడవు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ గార్డ్ (బంతిని నడిపించే ఆటగాడు) ఏరన్ క్రాఫ్ట్ 2014లో కాలేజీ ఉత్తమ డిఫెండర్. ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు, షూటింగ్ అంతంతమాత్రం. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో (ఎన్‌బీఏ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట) అతణ్ణి ఎవరూ తీసుకోలేదు. పొడుగైనవాళ్లని కూడా కాయగలిగితేనే బేరం కుదురుతుంది.

4. అసలు పరీక్ష అవతలి బుట్ట దగ్గర, అంటే మన జట్టు పాయింట్లు వేసేటప్పుడు. మనవాడు మూలలో నిలబడ్డప్పుడు అతణ్ణి కాయాల్సినవాడు ఎక్కడున్నాడో చూడండి. బుట్ట కింద తీరిగ్గా నిలబడి ఉంటే, మనవాడి షాట్ పడదని వదిలేశాడన్నమాట; మన జట్టు ఐదుగురికి బదులు నలుగురితో ఆడుతున్నట్టే. థైబుల్‌కి వచ్చిన తంటా ఇదే. 2021, 2022ల్లో ఆల్-డిఫెన్సివ్ (ఏటా ఎన్‌బీఏ ఉత్తమ డిఫెండర్లతో ప్రకటించే) రెండో జట్టులో ఉన్నా, 2023 ఫిబ్రవరిలో అతని జట్టు ఫిలడెల్ఫియా అతణ్ణి వదులుకుంది.

అలబామా యూనివర్సిటీ నుంచి వచ్చిన హెర్బ్ జోన్స్ కథ వేరు. 2020లో ఎడమ చేతికి కట్టుతోనే ఆడి, ఫ్రీ త్రోలు (ఫౌల్‌కి దొరికే షాట్లు) ఒంటి చేత్తో వేసినవాడు. 2021 డ్రాఫ్ట్‌లో 35వ ఎంపికగా న్యూ ఆర్లీన్స్‌కి దొరికాడు. 2023-24లో మూడు పాయింట్ల షాట్లు దాదాపు 42 శాతం పడ్డాయి, ఆల్-డిఫెన్సివ్ మొదటి జట్టులో చోటు కూడా దక్కింది.

ఒక కిటుకు: ఎన్‌బీఏ మూడు పాయింట్ల గీత పైభాగంలో 23 అడుగుల 9 అంగుళాల దూరం, మూలల్లో 22 అడుగులే. డిఫెండర్‌కి తిండి పెట్టేది ఆ మూలే. అందుకే అక్కడి షాట్లు విడిగా లెక్కేసుకోండి.

5. డ్రాఫ్ట్ రాత్రి పేరు పిలవకపోతే పుస్తకం మూసేయకండి. టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ కుర్రాడు అలెక్స్ కరూసోని 2016లో ఎవరూ తీసుకోలేదు. జీ-లీగ్ (ఎన్‌బీఏ కింది లీగ్)లో ఆడి, టూ-వే కాంట్రాక్టు (రెండు లీగ్‌ల్లోనూ ఆడే ఒప్పందం)తో లేకర్స్ జట్టులోకి వచ్చి, 2020లో వాళ్లతో, 2025లో ఓక్లహోమా సిటీతో టైటిల్ గెలిచాడు. మీ కుర్రాడు కూడా జూలైలో లాస్ వెగాస్ సమ్మర్ లీగ్ (ఎన్‌బీఏ జట్లు కొత్తవాళ్లని ఆడించి చూసే టోర్నీ)లో కనిపించొచ్చు. మూలలో ఖాళీగా బంతి అందినప్పుడు వేసేస్తున్నాడా, కంగారుగా పక్కవాడికి ఇచ్చేస్తున్నాడా, చూడండి.