గెలుపోటముల పట్టిక చూసి బేస్‌బాల్ టీమ్‌ను అంచనా వేయకండి

2008 ఐపీఎల్‌లో మన డెక్కన్ ఛార్జర్స్ 14 మ్యాచుల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. కానీ నెట్ రన్ రేట్ చూస్తే, పట్టికలో ఒక మెట్టు పైనున్న బెంగళూరు కంటే మనవాళ్లే నయం. మరుసటి ఏడాది కప్పు మనకే వచ్చింది. సికింద్రాబాద్‌లో లీగ్ మ్యాచులకు స్కోరు రాసే నాకు ఆ పట్టిక ఇప్పటికీ గుర్తే. అందుకే అమెరికా బేస్‌బాల్ చూడటం మొదలుపెట్టినప్పుడు ముందుగా అలాంటి అంకె కోసమే వెతికాను.

అది రన్ డిఫరెన్షియల్. టీమ్ చేసిన పరుగుల్లోంచి ఇచ్చిన పరుగులు తీసేయడమే. సీజన్‌కు 162 మ్యాచులు కాబట్టి ఈ అంకెకు బలం ఎక్కువ. బిల్ జేమ్స్ అనే బేస్‌బాల్ గణాంకాల నిపుణుడు దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లాడు: చేసిన పరుగుల వర్గాన్ని, చేసినవి, ఇచ్చినవి రెండింటి వర్గాల మొత్తంతో భాగించండి. వచ్చినదాన్ని మ్యాచుల సంఖ్యతో గుణిస్తే, ఆ టీమ్ ఎన్ని గెలవాల్సిందో తెలుస్తుంది.

ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి టెక్సస్ రేంజర్స్ 2022 సీజన్ వేసి చూడండి. చేసినవి 707, ఇచ్చినవి 743. లెక్క ప్రకారం 77 గెలవాలి. గెలిచింది 68. మిగతా తొమ్మిది ఎక్కడ పోయాయి? ఒక్క పరుగు తేడాతో తేలిన మ్యాచుల్లో వాళ్లు 15 గెలిచి 35 ఓడిపోయారు. ఇంత దురదృష్టం ఏటా కొనసాగదు. 2023లో అదే టీమ్ 881 పరుగులు చేసింది, తన చరిత్రలో మొదటిసారి వరల్డ్ సిరీస్, అంటే అక్కడి ఛాంపియన్‌షిప్ ఫైనల్, గెలిచింది.

అయితే ఏప్రిల్‌లో పది మ్యాచులు చూసి ఈ లెక్క వేయకండి. కనీసం యాభై, అరవై కానివ్వండి. ఒక్క మ్యాచ్‌లో 18 పరుగులు కొట్టినా మొదట్లో అంకె తప్పుదారి పట్టిస్తుంది. ఇంకో సంగతి, దగ్గరి మ్యాచులు పోవడం అంతా అదృష్టమే కాదు. చివరి ఇన్నింగ్స్‌లో బంతి అందుకునే బుల్‌పెన్, అంటే మొదటి పిచర్ (బంతి విసిరేవాడు) తర్వాత దిగే పిచర్ల బృందం, బలహీనంగా ఉంటే అది నిజమైన లోపమే. రెండు మూడు మ్యాచుల ఆఖరి ఘట్టాలు చూస్తే అర్థమైపోతుంది. టెక్సస్‌లో రాత్రి మ్యాచ్ ఇక్కడ తెల్లవారుజామున ఐదున్నర ప్రాంతంలో మొదలవుతుంది కాబట్టి, ఆ ఘట్టాలు మన టిఫిన్ టైమ్‌కి వస్తాయి.

ఇక భవిష్యత్తు. ఐపీఎల్‌లో మెగా వేలం వస్తే టీమంతా చెదిరిపోతుంది. అమెరికా బేస్‌బాల్‌లో అలాంటి వేలం లేదు. అక్కడి అత్యున్నత స్థాయి అయిన మేజర్ లీగ్‌లోకి వచ్చిన కుర్రాడు మామూలుగా ఆరేళ్ల సర్వీసు పూర్తయ్యేదాకా ఆ క్లబ్ చేతిలోనే ఉంటాడు. అందులో మొదటి మూడేళ్లు దాదాపు కనీస జీతమే. 2023లో అది 7,20,000 డాలర్లు. అదే రేంజర్స్ తన స్టార్ ఆటగాడు కోరీ సీగర్‌కు రాసిచ్చింది పదేళ్లకు 32.5 కోట్ల డాలర్లు. కాబట్టి ఒక కాగితం మీద ముఖ్యమైన ఆటగాళ్ల పేర్లు, వయసు, ఎన్నేళ్లు టీమ్‌లో ఉంటారో రాసుకోండి. బాగా ఆడేవాళ్లంతా 32 దాటినవాళ్లయితే, ఈ ఏడాది ఎన్ని గెలిచినా నేను ఆ టీమ్‌కు ఎక్కువ మార్కులు వేయను.

ఆ కాగితంలో మైనర్ లీగ్ (పెద్ద టీమ్‌ల కింద కుర్రాళ్లు ఆడే లీగులు) పిల్లలకూ చోటివ్వండి. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉండే మా చెల్లి పిల్లల్ని తీసుకుని రఫ్‌రైడర్స్ ఆటలకు వెళ్తుంటుంది. అది రేంజర్స్ డబుల్-ఏ టీమ్, అంటే పైనుంచి మూడో మెట్టు. ఇవాన్ కార్టర్ 2023లో అక్కడ ఆడి, అదే ఏడాది సెప్టెంబర్‌లో పెద్ద టీమ్‌లోకి వచ్చి, 21 ఏళ్లకే వరల్డ్ సిరీస్ ఆడాడు. డబుల్-ఏలో తన తోటివాళ్ల కంటే చిన్న వయసులో రాణించే కుర్రాడి మీద నాకు గురి ఎక్కువ.

జూలై చివర్లో గానీ ఆగస్టు మొదట్లో గానీ ట్రేడ్ గడువు, అంటే క్లబ్బులు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకునేందుకు ఆఖరి రోజు, వస్తుంది. 2023లో రేంజర్స్ తన ఫ్రిస్కో కుర్రాడు లూయిసాంజెల్ అకునాను న్యూయార్క్ మెట్స్ టీమ్‌కు ఇచ్చి, 39 ఏళ్ల పిచర్ మ్యాక్స్ షెర్జర్‌ను తెచ్చుకుంది. ఇలాంటి బేరం జరిగిన రోజు రెండు అంచనాలూ మళ్లీ రాసుకోవాలి: ఈ సీజన్‌ది కాస్త పెంచి, మూడేళ్ల తర్వాతిది కాస్త తగ్గించి.