జాకెట్టు ముక్క మ్యాచింగ్: ముందు లైటు సంగతి చూసుకోండి

విశాఖ పూర్ణా మార్కెట్ దగ్గర 20 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. "షాపులో కలిసిందమ్మా, ఇంటికెళ్తే వేరేగా ఉంది" అంటూ వచ్చేవాళ్లే ఎక్కువ. గొడవంతా ట్యూబులైటుది.

కంట్లో రంగు పట్టే కోన్ కణాలు మూడే రకాలు. సుమారు 380 నుంచి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగంతటినీ ఆ మూడింటి లెక్కతోనే మెదడు రంగులుగా తేలుస్తుంది. రెండు వేరే అద్దకాలు ఒక లైటు కింద ఒకే లెక్క చూపించి, పగటి వెలుగులో విడిపోవచ్చు.

అందుకని కొంగూ ముక్కా పట్టుకుని గుమ్మం బయటికి రండి. మిట్ట ఎండలోకి కాదు, నీడపట్టుకి. అంచుకి అంచు ఆనించండి, మధ్యలో సందుంటే తేడా దొరకదు. ఎర్ర ముక్కలు వరసగా చూసిన వెంటనే ఆకుపచ్చ ఎంచకండి, అది ఉన్నదానికంటే పచ్చగా కనిపిస్తుంది. కాసేపు రోడ్డు మీది ఆటోలు చూడండి. రాత్రి పెళ్లయితే పసుపు బల్బు కింద కూడా ఒకసారి.

పొద్దుగూకాక మాత్రం వద్దు. ఆర్కే బీచ్‌లో ఆ వేళ గమనించండి, ఎర్ర చీర ముందే నల్లబడుతుంది, నీలం ఇంకా తేటగా ఉంటుంది. మసకలో పనిచేసే రాడ్ కణాలకి ఎరుపు దాదాపు ఆనదు. మా అత్తకి మెరూన్ అనుకుని నేను నల్ల ముక్క తెచ్చింది అలాంటి వేళే.