స్పార్స్ వార్నింగ్ వచ్చిందా? __ఫోర్స్ కొట్టే ముందు ఒక్క నిమిషం

లైనక్స్ కెర్నల్‌లో డ్రైవర్లు రాసేవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు టెస్ట్ రోబో (ప్యాచ్‌లని తనంతట తనే చెక్ చేసే సిస్టమ్) నుంచి మెయిల్ వస్తుంది, మీ ప్యాచ్ వల్ల కొత్తగా నాలుగు స్పార్స్ (కోడ్‌ని నడపకుండా, చదివి తప్పులు పట్టే టూల్) వార్నింగులు వచ్చాయి చూస్కోండి అని. జీసీసీ కంపైలర్ ఒక్క మాట అనలేదు, బోర్డు మీద కోడ్ బంగారంలా నడుస్తోంది, మధ్యలో ఈ గోలేంటి అనిపిస్తుంది. నేనూ మొదట్లో అలాగే అనుకుని, టైప్ ముందు ఒక __ఫోర్స్ (ఇక్కడ చెక్ చెయ్యకు, నాకు తెలుసులే అని స్పార్స్‌కి చెప్పే మాట) తగిలించి దాని నోరు మూయించి ఇంటికెళ్ళిపోయిన బాపతే. అది ఎలా బెడిసికొట్టిందో కింద చెప్తా.

ముందే ఒక మాట, ఇక్కడ కమాండ్లు, ఫంక్షన్ పేర్లు అన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నా, టెర్మినల్‌లో మాత్రం మామూలుగా ఇంగ్లీషులోనే కొట్టాలి మరి.

స్పార్స్ అంటే సెమాంటిక్ పార్సర్. లైనస్ టోర్వాల్డ్స్ 2003లో మొదలెట్టాడు. సీ భాష దృష్టిలో పాయింటర్ అంటే పాయింటరే, 32 బిట్ల నంబర్ అంటే నంబరే. కెర్నల్‌లో అలా కుదరదు కదా, ఒక పాయింటర్ యూజర్ ప్రోగ్రామ్ ఇచ్చింది, ఇంకోటి డివైస్ రిజిస్టర్‌ది, ఇంకోటి మామూలు కెర్నల్ మెమరీది, చూడ్డానికి మాత్రం అన్నీ ఒకేలా ఉంటాయి. అందుకని __యూజర్ (యూజర్ ఇచ్చింది), __ఐఓమెమ్ (డివైస్‌ది), __ఆర్‌సీయూ, __ఎల్ఈ32 లాంటి ముద్రలు వేస్తారు, ఆ ముద్రలు సరిపోయాయా లేదా అని చూసేది స్పార్స్. వీటి వల్ల తయారయ్యే మెషీన్ కోడ్‌లో ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా మారదు, అందుకే చాలామంది లైట్ తీసుకుంటారు.

రన్ చెయ్యడం పెద్ద పనేం కాదు. ఉబుంటు, డెబియన్‌లో స్పార్స్ పేరుతోనే ప్యాకేజీ ఉంది, కాకపోతే కొత్త కెర్నల్ మీద పాత స్పార్స్ నడిపితే దానికి అర్థం కాని సింటాక్స్ చూసి అడ్డదిడ్డంగా అరుస్తుంది, కాబట్టి కెర్నల్ డాట్ ఆర్గ్ నుంచి సోర్స్ క్లోన్ చేసుకుని మేక్ కొట్టి ఇన్‌స్టాల్ చేస్కోడమే బెటర్, చిన్న ప్రోగ్రామే. తర్వాత కెర్నల్ సోర్స్‌లో మేక్ సీ=1 అంటే కొత్తగా కంపైల్ అయ్యే ఫైళ్ళనే చెక్ చేస్తుంది, సీ=2 అంటే కంపైల్ అక్కర్లేకపోయినా అన్నిటినీ చెక్ చేస్తుంది. ఆల్‌రెడీ బిల్డ్ అయిపోయిన ట్రీలో సీ=1 కొట్టి వార్నింగ్ ఒక్కటీ రాలేదే అని మురిసిపోయేవాళ్ళని చూశా, అక్కడ చెక్ చేసిన ఫైలే లేదు. మీ డ్రైవర్ ఉన్న డైరెక్టరీ ఒక్కటే ఇచ్చి సీ=2 కొట్టండి. ఆ డ్రైవర్ కాన్ఫిగ్‌లో ఆన్ అయి ఉందో లేదో కూడా చూస్కోండి. వచ్చిన అవుట్‌పుట్‌ని ముట్టుకోకుండా ఒక ఫైల్లో దాచిపెట్టండి, ఫిక్స్ అయ్యాక రెండోసారి రన్ చేసినదాంతో డిఫ్ కొట్టి చూడాలి.

ఇక వార్నింగులు. అడ్రస్ స్పేసులు వేరు అని వచ్చేది మొదట చూద్దాం. ఐఆక్టల్ ఫంక్షన్‌లో (యూజర్ ప్రోగ్రామ్ డ్రైవర్‌కి కమాండ్లు పంపే దారి) యూజర్ ఇచ్చిన ఆర్గ్యుమెంట్‌ని స్ట్రక్ట్ పాయింటర్‌గా క్యాస్ట్ చేసి కాపీ_ఫ్రమ్_యూజర్‌కి ఇస్తాం, అది __యూజర్ ఉన్న పాయింటర్ అడుగుతోంది, మీరిచ్చింది ముద్ర లేనిది, అంతే. క్యాస్ట్‌లో __యూజర్ చేరిస్తే అయిపోతుంది. కానీ అదే పాయింటర్‌ని ఆ కింద నాలుగు లైన్ల తర్వాత ఎవరైనా బాణం గుర్తు పెట్టి డైరెక్ట్‌గా చదువుతుంటే అప్పుడు స్పార్స్ పట్టుకున్నది అసలైన బగ్గు. డోర్ నంబర్ 12-3-45 అంటే విజయవాడలోనూ ఉంటుంది, వరంగల్‌లోనూ ఉంటుంది, ఊరి పేరు లేకుండా నంబర్ ఒక్కటే పట్టుకుని వెళ్తే ఎవరింటి తలుపు కొడతామో తెలీదు, పైగా ఇక్కడ నంబర్ రాసిచ్చింది మనం నమ్మకూడని మనిషి. వాడు కెర్నల్ అడ్రసే ఇచ్చాడనుకోండి, చెక్ లేకుండా చదివి వాడికే తిరిగిచ్చేస్తాం. కాపీ_ఫ్రమ్_యూజర్, గెట్_యూజర్, పుట్_యూజర్ ఆ హద్దు చూస్తాయి. కాపీ_ఫ్రమ్_యూజర్ తిరిగిచ్చేది ఎర్రర్ నంబర్ కాదు, కాపీ కాకుండా మిగిలిన బైట్ల లెక్క, దాన్ని అలాగే రిటర్న్ చెయ్యకుండా సున్నా కాకపోతే మైనస్ ఈఫాల్ట్ (అడ్రస్ తప్పు అనే ఎర్రర్) ఇవ్వాలి. ఎలాగూ ఆ లైన్ ముట్టుకుంటున్నారు కాబట్టి ఇది కూడా ఓ కన్నేయండి. స్ట్రక్ట్ లోపల 64 బిట్ల నంబర్ రూపంలో యూజర్ అడ్రస్ వస్తుంటే చేత్తో రెండు మూడు క్యాస్టులు పేర్చకుండా యూ64_టు_యూజర్_పీటీఆర్ వాడేయండి.

__ఐఓమెమ్ కూడా ఇదే కథ. డివైస్ రిజిస్టర్లని కెర్నల్‌కి అందేలా చేసే ఐఓరీమ్యాప్ ఇచ్చిన పాయింటర్‌ని వాయిడ్ పాయింటర్‌లో దాచుకుంటే అక్కడే ముద్ర పోతుంది, ఆ తర్వాత రిజిస్టర్ చదవడానికి రీడ్‌ఎల్ పిలిచిన ప్రతి చోటా వార్నింగే. ఇరవై వార్నింగులు చూసి ఇరవై చోట్ల క్యాస్ట్ చెయ్యకండి బాబూ, స్ట్రక్ట్‌లో ఆ ఒక్క మెంబర్ డిక్లరేషన్ మారిస్తే ఇరవైకి ఇరవై పోతాయి. అసలు ఏ స్పార్స్ వార్నింగ్ అయినా అరిచిన లైన్ దగ్గర ఆగిపోకుండా ఆ విలువ మొదట పుట్టింది ఎక్కడ అని వెనక్కి నడవాలి, నా లెక్కలో సగం పని అక్కడే తేలిపోతుంది.

ఇప్పుడు నా కథ. ఎండియన్, అంటే ఒక నంబర్‌లోని బైట్లని మెమరీలో ఏ వైపు నుంచి పెడతారన్న సంగతి.

03-04 అని డేట్ రాస్తే మనకి ఏప్రిల్ 3, అమెరికాలో ఉన్న మా పిన్ని కొడుక్కి మార్చి 4. రాసినవాడు ఎక్కడివాడో తెలీకుండా చదవకూడదు. చాలా హార్డ్‌వేర్ తన డిస్క్రిప్టర్లని (ప్యాకెట్ వివరాలు ఉండే చిన్న రికార్డులు) లిటిల్ ఎండియన్‌లో రాస్తుంది, అంటే తక్కువ విలువ బైట్ ముందు, బిగ్ ఎండియన్ దానికి తిరగేసి, ఎక్స్86 కూడా లిటిలే, కాబట్టి మార్చకుండా చదివేసినా తేడా తెలీదు. నేను పాత ఉద్యోగంలో ఒక నెట్‌వర్క్ డ్రైవర్ మీద పని చేస్తున్నప్పుడు, రిసీవ్ డిస్క్రిప్టర్‌లో ప్యాకెట్ పొడవు చదివే లైన్ మీద, రిస్ట్రిక్టెడ్ __ఎల్ఈ16 మామూలు ఇంటీజర్‌లా మారిపోతోంది అని స్పార్స్ చెప్పింది. నేను __ఫోర్స్ పెట్టి యూ16కి క్యాస్ట్ చేసి పడేశా. కొన్ని నెలలకి అదే డ్రైవర్‌ని ఒక కస్టమర్ బిగ్ ఎండియన్ పవర్‌పీసీ బోర్డు మీద ఎక్కించారు, లింక్ అప్ అవుతోంది, ప్యాకెట్ ఒక్కటి రావట్లేదు, రిసీవ్ ఎర్రర్ కౌంటర్ మాత్రం ఆటో మీటర్‌లా తిరుగుతోంది. ప్రింట్ పెట్టి చూస్తే పొడవు 15360. మూడు రోజులు హార్డ్‌వేర్ వాళ్ళని తిట్టుకున్నాం. చివరికి కాలిక్యులేటర్ తీసి హెక్స్‌లో చూస్తే 60 బైట్లు అంటే 003సీ, రెండు బైట్లు తారుమారు చేస్తే 3సీ00, అదే 15360. బఫర్ కంటే పెద్ద ప్యాకెట్ అనుకుని డ్రైవరే పారేస్తోంది. రెండు వైపులా ఏఆర్‌పీ ఎంట్రీలు (ఏ ఐపీకి ఏ హార్డ్‌వేర్ అడ్రసో చెప్పేవి) చేత్తో పెట్టి పింగ్ సైజులు మార్చి మార్చి చూస్తే 215 దగ్గర మాత్రం జవాబు వచ్చింది, ఎందుకంటే హెడర్లన్నీ కలుపుకుంటే ఫ్రేమ్ 257 బైట్లు, హెక్స్‌లో 0101, అటు నుంచి చదివినా ఇటు నుంచి చదివినా అదే, 05-05 అని డేట్ రాసినట్టు. ఆ పింగ్ రిప్లై చూసినప్పుడు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. సరిగ్గా నేను నోరు మూయించిన లైనే అది.

ఫిక్స్ ఏంటంటే ఎల్ఈ16_టు_సీపీయూ అని ఒక్క పిలుపు. స్టేటస్ బిట్లు చెక్ చేసే చోట అయితే చదివిన విలువని మార్చకుండా, పోల్చే కాన్‌స్టెంట్‌నే సీపీయూ_టు_ఎల్ఈ32లో పెట్టండి, కాన్‌స్టెంట్ కాబట్టి కంపైల్ టైంలోనే తేలిపోతుంది, రన్ అయ్యేటప్పుడు ఖర్చు లేదు. యాండ్, ఆర్, సమానమా కాదా, వీటికి ఇది చాలు, పెద్దదా చిన్నదా అని చూడాలన్నా, కూడాలన్నా మాత్రం సీపీయూ రూపంలోకి తెచ్చుకోవాల్సిందే. నెట్‌వర్క్ హెడర్లలో వచ్చేవి బిగ్ ఎండియన్, అక్కడ ఎన్‌టీఓహెచ్‌ఎస్, హెచ్‌టీఓఎన్‌ఎస్ ఉండనే ఉన్నాయి. ఇంకో గొయ్యి, ఇందులో నేను కూడా పడ్డా: రీడ్‌ఎల్ తనే లిటిల్ ఎండియన్ నుంచి సీపీయూ రూపానికి మార్చి ఇస్తుంది, దాని మీద మళ్ళీ ఎల్ఈ32_టు_సీపీయూ పెడితే బిగ్ ఎండియన్‌లో రెండుసార్లు తిరిగి మొదటికొస్తుంది. రిజిస్టర్ వేరు, డీఎంఏ మెమరీలో (డివైస్ నేరుగా చదివి రాసే మెమరీ) ఉన్న డిస్క్రిప్టర్ వేరు. అలాగే ఒకే వేరియబుల్‌లో మొదట __ఎల్ఈ32 పెట్టుకుని, తర్వాత మార్చిన విలువని మళ్ళీ అందులోనే వేసే అలవాటు ఉంటే మానెయ్యండి, రెండు వేరియబుల్స్ పెట్టుకోండి, కంపైలర్‌కి పైసా బరువు కాదు.

మిగతావి గబగబా చెప్పేస్తా. ఈ సింబల్ డిక్లేర్ కాలేదు, స్టాటిక్ అవ్వాలా అని అడిగితే వెంటనే స్టాటిక్ తగిలించెయ్యకుండా గిట్ గ్రెప్ కొట్టండి. ఆ ఫైల్లోనే వాడుతుంటే స్టాటిక్, వేరే ఫైల్ వాడుతుంటే ప్రోటోటైప్ ఉన్న హెడర్‌ని ఈ ఫైల్లో ఇన్‌క్లూడ్ చెయ్యడం మర్చిపోయారని అర్థం, అసెంబ్లీ నుంచి పిలిచేదైతే స్టాటిక్ పెడితే లింకర్ దగ్గర బొక్కబోర్లా పడతారు. పాయింటర్ ఉండాల్సిన చోట సున్నా వాడారు అంటే నల్ రాయండి, అయిపోయింది.

__ఆర్‌సీయూ దగ్గర కాస్త ఆగాలి. ఆర్‌సీయూ అంటే చదివేవాళ్ళని ఆపకుండానే, మార్చేవాళ్ళు కొత్త కాపీ తయారుచేసి పాయింటర్ మార్చే పద్ధతి. ఆ ముద్ర ఉన్న పాయింటర్‌ని చదివేవాళ్ళు ఆర్‌సీయూ రీడ్ లాక్ లోపల ఆర్‌సీయూ_డీరిఫరెన్స్ వాడాలి, మార్చేవాళ్ళు ఆర్‌సీయూ_అసైన్_పాయింటర్ వాడాలి. ఇది మర్యాద కోసం కాదు, ఆర్మ్ లాంటి సీపీయూల మీద స్ట్రక్ట్ నింపడం పూర్తయినట్టు కనపడక ముందే కొత్త పాయింటర్ పక్క కోర్‌కి కనపడొచ్చు. అప్‌డేట్ వైపు ఆల్‌రెడీ మ్యూటెక్స్ పట్టుకుని ఉంటే ఆర్‌సీయూ_డీరిఫరెన్స్_ప్రొటెక్టెడ్ వాడి రెండో ఆర్గ్యుమెంట్‌లో ఏ లాక్ పట్టుకున్నామో లాక్‌డెప్‌తో (లాకులు సరిగా వాడుతున్నారా అని చూసే కెర్నల్ చెకర్) చెప్పండి. అక్కడ బద్ధకంగా 1 అని రాసేవాళ్ళున్నారు, ఊరికే వార్నింగ్ పోతుంది, కాపలా కూడా పోతుంది.

లాక్ లెక్క తప్పింది, అదే కాంటెక్స్ట్ ఇంబ్యాలెన్స్, ఇది వస్తే ఫంక్షన్‌లో ఉన్న ప్రతి రిటర్న్‌నీ వేలు పెట్టి చూడండి. చాలాసార్లు మధ్యలో ఎర్రర్ వస్తే అన్‌లాక్ చెయ్యకుండా వెళ్ళిపోయే దారి ఒకటి దొరుకుతుంది, గోటూ పెట్టి కిందున్న అన్‌లాక్ దగ్గరికి పంపితే సరి. ఫంక్షన్ కావాలనే లాక్ పట్టుకుని బయటికొచ్చేదైతే __అక్వైర్స్, వదిలేదైతే __రిలీజెస్ అని రాయాలి. ఒక ఫ్లాగ్ ఉంటేనే లాక్ పట్టుకునే కోడ్‌ని మాత్రం స్పార్స్ సరిగా అర్థం చేసుకోలేదు, అక్కడ అది అరిచినా తప్పు మీది కాకపోవచ్చు. దాన్ని తృప్తి పరచడానికి బాగున్న కోడ్‌ని వంకర చెయ్యకండి.

మరి __ఫోర్స్ అసలు వాడకూడదా అంటే, వాడొచ్చు, చెక్‌సమ్ లెక్కలు, ఆర్కిటెక్చర్ లోపలి యూజర్ కాపీ కోడ్ లాంటి చోట్ల అది తప్పదు. డ్రైవర్ మధ్యలో కావాల్సొచ్చిందంటే నాకైతే డౌటే, ఎందుకు కావాల్సొచ్చిందో పైన ఒక లైన్ కామెంట్ రాయలేకపోతే తీసేయండి.

ఫిక్స్ అయ్యాక టెస్ట్. కేవలం ముద్రలు మార్చిన ప్యాచ్ అయితే, ముందు వెనకా ఆబ్జెక్ట్ ఫైల్‌ని ఆబ్జ్‌డంప్ మైనస్ డీ చేసి రెండూ డిఫ్ కొట్టండి, ఇన్‌స్ట్రక్షన్లు అచ్చం ఒకేలా ఉండాలి, వార్న్_ఆన్ లాంటివాటిలో లైన్ నంబర్ జరిగిన చోట కొంచెం తేడా రావచ్చు అంతే. ఎండియన్ ప్యాచ్‌కి ఎక్స్86 మీద డిఫ్ రాలేదని సంబరపడకండి, అక్కడ ఆ మార్పిడి ఫంక్షన్లు ఏ పనీ చెయ్యవు కదా, ఎస్390కో బిగ్ ఎండియన్ పవర్‌పీసీకో క్రాస్ కంపైల్ చేసి అక్కడ చూడండి. అక్కడ కొత్తగా బైట్ స్వాప్ కనిపించిందంటే ఇది వార్నింగ్ క్లీనప్ కాదు, బగ్ ఫిక్స్. అప్పుడు కమిట్ మెసేజ్‌లో బిగ్ ఎండియన్ మీద ఏం విరిగిపోయేదో రాసి, ఏ కమిట్‌లో వచ్చిందో ఫిక్సెస్ ట్యాగ్‌లో 12 అక్షరాల హాష్‌తో పెట్టాలి, స్పార్స్ వార్నింగ్ సైలెన్స్ చేశా అని హెడ్డింగ్ పెట్టి పంపితే స్టేబుల్ కెర్నల్స్ చూసేవాళ్ళకి దాని విలువ తెలీదు.

ఒక రకం వార్నింగ్‌కి ఒక ప్యాచ్, అన్నీ కలిపి పులిహోర చెయ్యకండి. చెక్‌ప్యాచ్ (స్టైల్ తప్పులు చూసే స్క్రిప్ట్) రన్ చేసి, గెట్_మెయింటెయినర్ (ప్యాచ్ ఎవరికి పంపాలో చెప్పే స్క్రిప్ట్) ఇచ్చిన అడ్రసులకి ప్లెయిన్ టెక్స్ట్‌లో పంపండి. రోబో మెయిల్ చూసి చేసిన ఫిక్స్ అయితే ఆ మెయిల్లోనే రిపోర్టెడ్ బై లైన్ రెడీగా ఉంటుంది, దాన్ని అలాగే కాపీ చేసి మీ సైన్డ్ ఆఫ్ బై పైన పెట్టేయండి.