ముస్తాంగ్ దారిలో బండి ఆగిపోతే: ఒంటరి రైడర్‌కు లక్షణం నుంచి మరమ్మతు దాకా

నేపాల్‌లో పోఖరా నుంచి బేని, తాతోపానీ, మర్ఫా, జోమ్‌సోమ్ మీదుగా ముస్తాంగ్ జిల్లాలోని ముక్తినాథ్ వెళ్లే దారి సుమారు 175 కిలోమీటర్లు. 800 మీటర్ల ఎత్తులో మొదలై 3,700 మీటర్ల దాకా ఎక్కుతుంది. ముక్తినాథ్‌ను 108 దివ్యదేశాల్లో ఒకటిగా కొలుస్తారు కాబట్టి మనవాళ్లు యాత్ర బస్సుల్లో ఎప్పటినుంచో వెళ్తున్నారు. సొంత బండి మీద ఒంటరిగా వెళ్లేవాళ్లూ ఉన్నారు. ఈ వ్యాసం వాళ్ల కోసం.

ఈ దారిలో ఒక సౌకర్యం ఉంది. పల్సర్, రాయల్ ఎన్‌ఫీల్డ్, హీరో, టీవీఎస్ బండ్లు నేపాల్‌లోనూ అమ్ముడవుతాయి, సామాన్లు దొరుకుతాయి, మెకానిక్‌కు హిందీ అర్థమవుతుంది. ఇబ్బంది ఏమిటంటే షెడ్డుకూ షెడ్డుకూ మధ్య దూరం ఎక్కువ. అందుకే రోడ్డు పక్కన పూర్తి మరమ్మతు గురించి ఆలోచించకండి. తర్వాతి ఊరి దాకా బండి నడిస్తే చాలు.

ఆగిన తీరులోనే సగం జవాబు ఉంటుంది

బండి ఆగగానే పానాలు బయటికి తీయొద్దు. ముందు బండిని వంపు దాటించి, ఎదురుగా వచ్చే జీపుకు కనిపించేలా నిలపండి. పైనుంచి రాళ్లు రాలే చోటైతే ఇంకా ముందుకు జరపండి. ఆ తర్వాత ఇంజిన్ ఎలా ఆగిందో గుర్తు తెచ్చుకోండి.

స్విచ్ ఆపినట్టు ఒక్కసారిగా ఆగితే చాలావరకు అది కరెంటు సమస్యే: ఫ్యూజు, బ్యాటరీ టర్మినల్, కిల్ స్విచ్, సైడ్ స్టాండు స్విచ్. దగ్గుతూ, పికప్ తగ్గుతూ, ఎక్సలేటర్ తిప్పినా ఎత్తుకోకుండా ఆగితే పెట్రోలో గాలో అందడం లేదు. పెద్ద చప్పుడుతో వెనక చక్రం పట్టేసి ఆగితే చైన్ తెగి ఇరుక్కుని ఉండొచ్చు, ఇంజిన్ పట్టేసి ఉండొచ్చు. అప్పుడు మాత్రం సంగతి తెలియకుండా సెల్ఫ్ కొట్టకండి.

రెండో ప్రశ్న: ఆగడానికి ముందు కొత్తగా ఏం జరిగింది? పెట్రోలు పోయించారా, వాగు దాటారా, బండి పడిందా, నిన్న ఎవరైనా మెకానిక్ చెయ్యి పెట్టాడా? నా అనుభవంలో ఈ ప్రశ్న మల్టీమీటర్ కన్నా ఎక్కువసార్లు పనికొచ్చింది. ఉదాహరణకు చాలా ఇంజెక్షన్ బండ్లలో (కార్బొరేటర్ లేకుండా, కరెంటు పంపుతో పెట్రోలు అందేవి) బండి పక్కకు పడితే ఇంజిన్‌ను ఆపేసే సెన్సర్ ఉంటుంది. బండిని నిలబెట్టి, తాళం ఆఫ్ చేసి, కాసేపాగి ఆన్ చేస్తే మామూలుగా స్టార్ట్ అవుతుంది. ఈ సంగతి తెలియక బ్యాటరీ విప్పేవాళ్లున్నారు.

సెల్ఫ్ నొక్కితే చప్పుడు లేదు, లేదా 'టక్' అని ఊరుకుంటుంది

మీటరు కూడా వెలగకపోతే మెయిన్ ఫ్యూజు లేదా బ్యాటరీ టర్మినల్. బేని దాటాక రాళ్ల రోడ్డు అదురుకు టర్మినల్ బోల్టు వదులవడం మామూలే. చేత్తో కదిపి చూడండి, కదిలితే బిగించండి. మీటరు వెలుగుతూ సెల్ఫ్ మాత్రం పలకకపోతే కిల్ స్విచ్, సైడ్ స్టాండు, క్లచ్ లివర్ దగ్గరి స్విచ్ వరుసగా చూడండి. సైడ్ స్టాండు స్విచ్‌లో బురద చేరి స్టాండు దించినట్టే బండి అనుకుంటుంది. నీళ్లతో కడిగి, స్టాండును నాలుగైదుసార్లు ఎత్తి దించితే చాలాసార్లు వదులుతుంది.

'టక్' అని ఆగిపోతే బ్యాటరీలో శక్తి లేదు. చిన్న మల్టీమీటర్ ఉంటే చూడండి. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. 12 కన్నా కిందికి పోతే, ముఖ్యంగా చలి ఉదయాన, సెల్ఫ్ తిరగడం కష్టం. దిగుడు ఉంటే రెండో గేరులో వదిలి స్టార్ట్ చేయండి. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే ఇంజెక్షన్ బండి నెట్టినా స్టార్ట్ అవ్వదు, పెట్రోలు పంపు తిరగడానికైనా కరెంటు కావాలి కదా. ఎగుడులో, అంత ఎత్తులో, బండిని ఒక్కరే నెట్టే ప్రయత్నం వద్దు. 3,000 మీటర్లు దాటాక ఆ శ్రమకు తలనొప్పి, వికారం మొదలైతే బండి సమస్య పోయి ప్రాణం సమస్య అవుతుంది.

స్టార్ట్ అయ్యాక కారణం వెతకాలి. ఇంజిన్ కాస్త రేస్ చేసి వోల్టేజీ చూడండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే చార్జింగ్ బాగుంది, బ్యాటరీయే పాతబడింది. 13 కూడా దాటకపోతే చార్జింగ్ లేదు: ముందు రెగ్యులేటర్ కప్లర్ (వైర్లను కలిపే జాయింటు) ఊడిందేమో, కాలి నల్లబడిందేమో చూడండి. అక్కడ బాగుపడకపోతే హెడ్‌లైట్ కప్లర్ తీసేసి, ఫోన్ చార్జింగ్ ఆపేసి, ఇంజిన్ ఆపకుండా పగటి వెలుగులోనే ఊరు చేరండి. చీకటి పడేలా ఉంటే ఆ ప్రయాణం మొదలుపెట్టొద్దు.

సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవడం లేదు

తాళం ఆన్ చేసి చెవి పెట్టండి. ఇంజెక్షన్ బండిలో రెండు మూడు సెకన్లు పంపు 'జుయ్' మని వినిపించాలి. వినిపించకపోతే పంపు ఫ్యూజు, రిలే, ట్యాంకు కింది కప్లర్ చూడాలి. వినిపిస్తే ప్లగ్ విప్పండి. ప్లగ్ తడిగా పెట్రోలు వాసన వస్తే పెట్రోలు అందుతోంది, నిప్పు రావడం లేదు. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు. స్పేర్ ప్లగ్ ఒకటి, దాని పానా ఒకటి తప్పకుండా సంచిలో ఉండాలి. ప్లగ్ మార్చడం పది నిమిషాల పని, సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

వాగు దాటుతూ ఆగిపోయిన బండి సంగతి వేరు. దీన్ని జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే ఇక్కడ తొందరపడితే ఇంజినే పోతుంది. నీళ్లు సైలెన్సర్ దాకా మాత్రమే వచ్చి, ప్లగ్ క్యాప్ తడిసి ఆగితే భయం లేదు. తుడిచి ఆరబెడితే స్టార్ట్ అవుతుంది. కానీ బండి నీళ్లలో పడినా, నీళ్లు ఎయిర్ ఫిల్టర్ ఎత్తుకు వచ్చినా, సిలిండర్‌లోకి నీరు చేరి ఉండొచ్చు. నీరు గాలిలా నలగదు. ఆ స్థితిలో సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

ఇలా చేయండి. తాళం ఆఫ్ చేసి బండిని గట్టుకు లాగండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూడండి. ఫిల్టర్ లోపలి వైపు పొడిగా ఉంటే గండం గడిచినట్టే. తడిసి ఉంటే ప్లగ్ విప్పి, ఇంజెక్షన్ బండైతే పంపు ఫ్యూజు తీసి, ప్లగ్‌ను క్యాప్‌లోనే ఉంచి రంధ్రానికి దూరంగా ఇంజిన్ లోహానికి ఆనించండి. అప్పుడు సెల్ఫ్ కొన్ని సెకన్లు తిప్పితే లోపలి నీరు రంధ్రం గుండా చిమ్ముతుంది. మొహం అడ్డం పెట్టొద్దు. నీరు ఆగేదాకా తిప్పి, ఫిల్టర్ పిండి ఆరబెట్టి, అన్నీ బిగించి స్టార్ట్ చేయండి. చివరగా ఇంజిన్ ఆయిల్ కిటికీలో చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఆయిల్‌లో నీరు కలిసింది, ఆయిల్ మార్చేదాకా బండి నడపకూడదు.

ఈ దారిలో వాగులు మంచు కరిగిన నీటితో మధ్యాహ్నానికి ఉధృతమవుతాయి. పొద్దున్నే దాటితే పై రెండు పేరాలూ అవసరం పడకపోవచ్చు.

ఎత్తుకు వెళ్లేకొద్దీ పికప్ పోతోంది

దీనికి భయపడి బండి విప్పేవాళ్లు ఎక్కువ. ముక్తినాథ్ దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులకన్నా తక్కువ. ప్రతి వెయ్యి మీటర్లకూ శక్తి సుమారు పదో వంతు తగ్గుతుందని లెక్కేసుకోండి. ఇంజెక్షన్ బండి పెట్రోలును దానంతటదే సర్దుకుంటుంది కానీ పోయిన శక్తి తిరిగి రాదు. గేరు ఒకటి తగ్గించి నడపడమే మార్గం. కార్బొరేటర్ బండిలో పెట్రోలు ఎక్కువై ప్లగ్ నల్లగా మసి పడుతుంది, ఐడిల్‌లో ఆగిపోతుంది. ఐడిల్ స్క్రూ కాస్త బిగించి, ప్లగ్ తుడిచి సాగిపోండి. కిందికి దిగాక మళ్లీ సర్దాలి.

ఎత్తు వల్ల కాదని ఎప్పుడు అనుమానించాలి? పికప్ క్రమంగా కాకుండా ఒక పూటలో పడిపోయినప్పుడు, దిగుతున్నా తిరిగి రానప్పుడు. అప్పుడు ఎయిర్ ఫిల్టర్ చూడండి. కాళీ గండకీ లోయలో పొద్దెక్కాక వీచే గాలి దుమ్మును మోసుకొస్తుంది. కాగితం ఫిల్టర్ అయితే తట్టి దులపండి, కడగకండి. ఈ పని గోడ చాటున చేయాలి. ఆ గాలిలో ఫిల్టర్ తీస్తే దుమ్ము నేరుగా ఇంజిన్‌లోకి పోతుంది.

బాగా వేడెక్కాక ఆగుతుంది, కాసేపటికి మళ్లీ నడుస్తుంది

ముందు ట్యాంకు మూత తెరవండి. 'స్‌స్' మని గాలి లోపలికి పీల్చుకుంటే మూతలోని గాలి రంధ్రం దుమ్ముతో పూడిపోయింది. సన్న తీగతో రంధ్రం శుభ్రం చేస్తే పోతుంది. పీల్పు లేకపోతే ప్లగ్‌కు నిప్పు ఎప్పుడు రావాలో సంకేతమిచ్చే, వేడికి మొరాయించే పికప్ కాయిల్ మీద అనుమానం పెట్టుకోవాలి. అది రోడ్డు పక్కన బాగయ్యేది కాదు. ఇంజిన్ చల్లారనిస్తూ, ఆగి ఆగి ఊరు చేరి, పోఖరా నుంచి సామాను తెప్పించాలి.

పెట్రోలు పోయించిన కాసేపటికే దగ్గడం మొదలైంది

ఎగువ ఊళ్లలో డబ్బాల్లోంచి పోసే పెట్రోలులో మురికి, నీరు ఉండే అవకాశం ఉంది. పారదర్శకమైన నీళ్ల సీసాలో కొంచెం పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. నీరుంటే అడుగున వేరుగా గీతలా కనిపిస్తుంది. మన దేశంలో నింపుకున్న పెట్రోలులో ఎథనాల్ ఉంటుంది, అది నీటిని లాక్కుని అడుగుకు చేరుతుంది. పంపు పీల్చేది ఆ అడుగు నుంచే. గుడ్డతో వడకడితే మురికి ఆగుతుంది, నీరు ఆగదు. ట్యాంకు వంచి అడుగు పెట్రోలు తీసేయాల్సిందే. కార్బొరేటర్ బండికైతే కింది గిన్నె స్క్రూ వదిలితే చాలు. డబ్బా పెట్రోలు కొనక తప్పకపోతే ముందు సీసాలో చూసి కొనండి. అమ్మే అన్నను 'దాయ్' అని పలకరించి అడిగితే ఎవరూ కాదనరు.

క్లచ్

రేస్ పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. బురద ఎక్కుడులో సగం క్లచ్ మీద ఎక్కువసేపు నడిపితే ఇలా అవుతుంది. అరగంట చల్లారనిచ్చి, లివర్ దగ్గర 2-3 మిల్లీమీటర్ల ఆట (బిగువు లేని ఖాళీ కదలిక) ఉందో లేదో చూడండి. ఆట లేకపోతే కేబుల్ వదులు చేయండి. దారిలో ఎవరైనా కారు ఆయిల్ పోశారేమో కూడా గుర్తు చేసుకోండి. బైకుకు డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉన్న ఆయిలే వాడాలి, కొన్ని కారు ఆయిళ్లకు క్లచ్ ప్లేట్లు జారిపోతాయి.

కేబుల్ తెగితే వేరే కథ. కొత్త కేబుల్‌ను బయల్దేరే ముందే పాతదాని పక్కనే జిప్ టైలతో కట్టి ఉంచుకుంటే రెండు కొసలు మారిస్తే చాలు. ఇది నేను అందరికీ గట్టిగా చెప్పే సలహా. కేబుల్ లేకున్నా బండి నడుస్తుంది. ఇంజిన్ ఆపి, చదునైన చోట మొదటి గేరు వేసి, క్లచ్ లివర్ నొక్కి పట్టి సెల్ఫ్ కొట్టండి. లివర్ స్విచ్ కోసమే ఆ నొక్కడం. బండి జర్కుతో కదులుతుంది, ముందు ఖాళీ జాగా ఉండాలి. గేరు మార్చేటప్పుడు ఎక్సలేటర్ క్షణం వదిలి మెల్లగా గేరు వేయండి. ఆగాలంటే ముందే న్యూట్రల్ చేయాలి.

దిగుడులో బ్రేకు మెత్తబడింది

ముక్తినాథ్ నుంచి కాగ్‌బేని వైపు దిగుతుంటే వెనక బ్రేకు ఒక్కటే తొక్కుతూ వస్తే బ్రేకు ఆయిల్ మరిగి పెడల్ ఊరికే కిందికి పోతుంది. పాతబడి తేమ పీల్చిన డాట్ 4 ఆయిల్ 155 డిగ్రీల దగ్గరే మరగొచ్చు. ఆగండి, చల్లారనివ్వండి, డిస్కు మీద నీళ్లు పోయొద్దు. తర్వాత తక్కువ గేరులో ఇంజిన్ పట్టు మీద దిగండి. చల్లారాక కూడా గట్టిపడకపోతే బండి నడపొద్దు, అంతే.

చైన్ లింకు తెగితే స్పేర్ లాక్ వేయండి. దాని క్లిప్ తెరిచిన కొస చైన్ కదిలే దిశకు వెనకవైపు ఉండాలి. ట్యూబ్ టైరు బండికి ఒక్క ట్యూబే తీసుకెళ్లగలిగితే ముందు చక్రానిది తీసుకెళ్లండి, తప్పనిసరైతే వెనక చక్రంలోనూ కొంత దూరం పని చేస్తుంది.

ఇవేవీ పని చేయకపోతే

మధ్యాహ్నం మూడు దాటిందంటే విప్పడం ఆపి బండిని ఎక్కించే వాహనం చూడండి. ఈ దారిలో బొలెరో పికప్‌లు తిరుగుతూనే ఉంటాయి. ముందు ధర మాట్లాడుకోండి, ముందు చక్రం క్యాబిన్‌కు ఆనించి నాలుగు వైపులా తాళ్లతో కట్టించండి. అత్యవసరానికి పోలీసు 100, అంబులెన్సు 102, టూరిస్ట్ పోలీసు 1144. కొండల్లో నేపాల్ టెలికాం సిమ్ ఉంటే మేలు.

షెడ్డులో సామాను కోసం రోజులు ఆగాల్సి వస్తే భన్సార్ కాగితం బయటికి తీయండి. సరిహద్దులో మన బండికి రోజుల లెక్కన కట్టిన కస్టమ్స్ రుసుము అదే. దాని మీద తేదీలు విక్రమ శకంలో ఉంటాయి, మన క్యాలెండర్‌కు సుమారు 57 ఏళ్లు ముందు. మార్చుకుని ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి. గడువు దాటితే జరిమానా పడుతుంది కాబట్టి ముగియకముందే కస్టమ్స్ కార్యాలయంలో పొడిగింపు అడగండి. బండి కదలని స్థితిలో ఉందని చూపే షెడ్డు రసీదు, ఫోటోలు దగ్గర ఉంచుకోండి. బయల్దేరేటప్పుడే అనుకున్నదానికన్నా మూడు నాలుగు రోజులు ఎక్కువ కట్టడం నాకు సరైనదనిపిస్తుంది. ఇన్సూరెన్స్ కూడా ముందే చూసుకోవాలి. మన పాలసీని నేపాల్‌కు వర్తింపజేసే ప్రత్యేక ఎండార్స్‌మెంట్ అదనపు ప్రీమియం కట్టి తీసుకోవాలి. అది లేకుండా అక్కడ ప్రమాదం జరిగితే క్లెయిమ్ రాదు.